సన్న అంకెలు

ఉక్కు స్కేలు తమ్ముడి చెవి మీద ఫెడీమని పడింది. వంటింట్లో గిన్నెలు తోముతున్న అమ్మ భుజాలు ఒక్కసారి ఉలిక్కిపడ్డాయి. ఆవిడ వెనక్కి మాత్రం తిరగలేదు.

"మళ్ళీ చూసి చెప్పు. ఆ టవరు ఎత్తెంత?"

"పదమూడు వందల ఎనభై తొమ్మిది అడుగులు నాన్నా."

అదే చెవి మీద ఇంకో రెండు పడ్డాయి.

"ముప్ఫై తొమ్మిదిరా గాడిదా! మ్యాపు చదవడం రానివాడికి విమానం ఎందుకురా? ఏమే, నువ్వు చెప్పు."

ఆ పిలుపు వాడి అక్కకి. ఇరవై ఎనిమిదేళ్ళ మనిషి. ఇంజన్ల షెడ్డులో పదేళ్ళుగా చేతులు నల్లగా చేసుకుంటున్నందుకు ఎయిర్‌స్ట్రిప్‌లో అందరూ ఆమెను స్పానరు అనేవాళ్ళు. ఆమె మ్యాపు మీదకి వంగి చూసింది. ఎటు తిప్పి చూసినా ఆమెకు ఎనభై తొమ్మిదే కనిపించింది.

"వాడు చెప్పిందే కరెక్టు నాన్నా."

స్కేలు ఈసారి అడ్డంగా కాదు, అంచుతో దిగింది. ఆమె కుడిచేతి వేళ్ళ కణుపుల మీద చర్మం చీలింది. రక్తం బొట్లు బొట్లుగా మ్యాపు మీద పడింది. తండ్రి ఆ మరకను గుడ్డతో తుడిచేసి, "తరవాతి ప్రశ్న" అన్నాడు.

ఆ ఇంట్లో చదువంటే అదే. తండ్రి ఇరవై ఆరేళ్ళుగా పొలాల మీద మందు చల్లే పైలట్. మనిషెత్తులో విమానం నడిపి, కరెంటు తీగల కింద నుంచి దూసుకెళ్ళి బతికి బయటపడ్డవాడు. పిల్లలిద్దరూ పైలట్లు కావాలని పట్టుబట్టాడు. శుక్రవారం రాతపరీక్ష. అరవై ప్రశ్నలు, నూటికి డెబ్బై రావాలి. ఆరు నెలలుగా మధ్యాహ్నం భోజనం కాగానే బల్ల తుడిచి, పుస్తకాలు పరిచి, ముగ్గురూ కూర్చునేవాళ్ళు. తప్పు జవాబుకి ఒక దెబ్బ. అదే జవాబు మళ్ళీ చెబితే రెండు. మొదట్లో అరచేతుల మీద పడేవి. పరీక్ష దగ్గరపడే కొద్దీ దెబ్బలు పైకి పాకాయి.

"రెక్క ఎప్పుడు గాలిలో పట్టు తప్పి స్టాల్ అవుతుంది?"

"గాలికి రెక్క ఎదురుపడే కోణం హద్దు దాటినప్పుడు. వేగం ఎంతున్నా సరే" అంది స్పానరు, నెత్తురోడే చేతిని ఒళ్ళో దాచుకుని.

"కార్బురేటర్లో మంచు పడుతోందని ఎలా తెలుస్తుంది?"

"ఇంజన్ చుట్లు వాటంతటవే తగ్గుతాయి. ఎండ కాస్తున్నా సరే, గాలిలో చెమ్మ ఉంటే చాలు" అన్నాడు తమ్ముడు.

ఈ రెండింటికీ దెబ్బలు పడలేదు. పైగా తండ్రి తృప్తిగా తల పంకించాడు. అలాంటప్పుడు ఆయన మంచి గురువులాగే ఉండేవాడు.

పాఠం ముగిసే వేళకు తమ్ముడి చెవిలోంచి సన్నగా రక్తం కారింది. స్పానరు దూదితో ఒత్తుతుంటే, "అక్కా, ఈ పక్క ఏం వినపడట్లేదే" అన్నాడు వాడు. ఇరవై మూడేళ్ళ కుర్రాడు, కోడెలాంటి ఒళ్ళు. కళ్ళ నిండా నీళ్ళు.

ఆ సాయంత్రం ఆమె మ్యాపును షెడ్డుకి తీసుకెళ్ళి, స్పార్క్ ప్లగ్గులు చూసే భూతద్దం కింద పెట్టింది. పదమూడు వందల ఎనభై తొమ్మిది. అనుమానానికి తావే లేదు.

అయితే నాన్న ఎందుకు కొట్టాడు? పంతమా? గత నెల రోజుల్లో దెబ్బలు తిన్న ప్రశ్నలన్నీ గుర్తు చేసుకుంది. మ్యాపు మీద టవరు ఎత్తులు. టేకాఫ్ దూరాల పట్టికలో వరసలు. దిక్సూచి సవరణ గీతల పక్కనుండే డిగ్రీలు. రూల్సు అడిగినప్పుడు గానీ వాతావరణం అడిగినప్పుడు గానీ ఏనాడూ గొడవ రాలేదు. అవి ఆయనకు కంఠతా వచ్చు. దెబ్బలన్నీ సన్న అంకెల దగ్గరే పడ్డాయి. ఇంకోటీ గుర్తొచ్చింది. కొట్టే ముందు ఆయన తల పక్కకి వాల్చి, కోడిలా ఓరగా చూసేవాడు. కోపంలో అలవాటేమో అనుకుందామె ఇన్నాళ్ళూ.

లేచి హ్యాంగర్లో ఉన్న మందు విమానం ఎక్కి, తండ్రి సీట్లో కూర్చుంది. మీటర్ల అద్దాల మీద ఎర్రటి గీతలు. నూనె వత్తిడి ఇంతకు తగ్గకూడదు, వేగం ఇంతకు తగ్గకూడదు అని లావుపాటి గుర్తులు. గోటితో గీకితే పెచ్చులా ఊడింది. గోళ్ళ రంగు. ఆ రంగు అమ్మది.

అమ్మ దొడ్లో బట్టలు తీస్తోంది.

"నాన్నకి కళ్ళు కనబడటం లేదా?"

అమ్మ చేతిలోని దుప్పటిని మడత పెడుతూనే ఉంది. మడిచిందే మళ్ళీ విప్పి మడిచింది.

"కనబడకపోవడం కాదు. సూటిగా చూస్తే మధ్యలో మసకట. పక్కలన్నీ బాగానే కనిపిస్తాయట. మూడేళ్ళయింది. వేరే ఊరి డాక్టరు చెప్పాడు, అది తగ్గేది కాదని."

"మరి ఏటేటా పైలట్ల మెడికల్ పరీక్ష ఎలా పాసవుతున్నాడు?"

"ఆ కంటి బోర్డు మీద అక్షరాలు నేనే కాయితం మీద రాసుకొచ్చాను. పై వరస నుంచి కింది వరస దాకా బట్టీ పట్టించాను." అమ్మ దుప్పటి భుజాన వేసుకుంది. "ఎగరకపోతే చచ్చిపోతానన్నాడే. నన్నేం చెయ్యమంటావు?"

"మమ్మల్ని గొడ్డుని బాదినట్టు బాదుతుంటే చూస్తూ ఊరుకున్నావే! మేం చెప్పింది కరెక్టని నీకు తెలుసు కదమ్మా!"

"తెలుసు" అంది అమ్మ. ఆ ఒక్కమాట అని లోపలికి వెళ్ళిపోయింది.

స్పానరు సంగతంతా తమ్ముడికి చెప్పింది. చెప్పకుండా ఉండాల్సిందని తరవాత చాలాసార్లు అనుకుంది. వాడు పగిలిన చెవి మీద చెయ్యి వేసుకుని, "అంటే నా చెవి ఉత్త పుణ్యానికి పోయిందన్నమాట. ఈ చెవితో నాకు మెడికల్ ఎవడిస్తాడే?" అన్నాడు. వాడి ముఖంలో ఏడుపు లేదు. అది చూసి ఆమెకు భయం వేసింది.

బుధవారం పొద్దున ఏడింటికి తండ్రికి పని ఉంది. కాలవ అవతలి పొలాలు. అక్కడ కిందటి నెలలోనే కొత్త కరెంటు లైను వేశారు. స్పానరు ఆరున్నరకే హ్యాంగర్‌కి వెళ్ళి, బ్యాటరీ తీగ విప్పి జేబులో వేసుకుంది. ట్రాక్టరు తెచ్చి విమానం ముక్కుకి అడ్డంగా పెట్టింది.

తండ్రి హెల్మెట్ చంకలో పెట్టుకుని వచ్చాడు.

"ట్రాక్టరు ఎవడు పెట్టాడిక్కడ?"

"నేనే. బ్యాటరీ తీగ కూడా విప్పేశాను. మీరివాళ ఎగరరు నాన్నా. ఇక ఎప్పుడూ ఎగరరు. అమ్మ అంతా చెప్పింది."

ఆయన చెయ్యి చాచాడు. "తీగ ఇటివ్వు."

"ఆ రెక్క కింద రాసున్న నంబరు చదవండి. ఇచ్చేస్తాను."

"ఆ నంబరు నాకు నిద్రలో కూడా వచ్చే!"

"అయితే ఇది చదవండి." ఆమె జేబులోంచి మందు డబ్బా చీటీ తీసి, ఆయన ముఖానికి మూరెడు దూరంలో పట్టుకుంది.

ఆయన చీటీ వంక చూడలేదు. విమానాన్ని లాగే ఇనుప కడ్డీ గోడకి ఆనించి ఉంది. దాన్ని అందుకున్నాడు. మొదటి దెబ్బ ఆమె తొడ మీద పడింది. కాలు మొద్దుబారి ఆమె ఒక మోకాలి మీద కూలింది. రెండోది తలకి గురిపెట్టాడు. కానీ గురిచూసింది ఆయనకు కనిపించదు కదా! కడ్డీ ఆమె చెవి పక్కనుంచి దూసుకెళ్ళి ట్రాక్టరు బానెట్‌ని సొట్టపోయేలా కొట్టింది. మూడోది మాత్రం వీపు మీద పూర్తిగా దిగింది. ఊపిరి ఆగిపోయింది. నోట్లో నెత్తురు ఉప్పగా తగిలింది.

"ఎగరకపోతే నేనెవర్నే? చెప్పు! ఎవర్నే నేను?" అని అరుస్తున్నాడాయన. కడ్డీ మళ్ళీ లేచింది.

అది దిగలేదు. తమ్ముడు వెనకనుంచి వచ్చి కడ్డీ లాక్కున్నాడు. లాక్కుని దూరంగా విసిరేసి ఉంటే కథ వేరేలా ఉండేది. వాడు దాన్ని రెండు చేతులతో పట్టుకుని తండ్రి మణికట్టు మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు హ్యాంగర్ రేకుల దాకా వినిపించింది. ఆయన కేక పెట్టి పడిపోయాడు. పడ్డవాణ్ణి వాడు కాలితో తన్నాడు. డొక్కలో, మెడ మీద, మళ్ళీ డొక్కలో.

"చెప్పు నాన్నా! టవరు ఎత్తెంత? చెప్పు! ముప్ఫై తొమ్మిదా, ఎనభై తొమ్మిదా?"

ప్రతి ప్రశ్నకీ ఒక తన్ను. తండ్రి ముక్కు పగిలి, నేల మీది నూనె మరకల్లో నెత్తురు కలిసింది. ఆయన విరిగిన చేతినే ముఖానికి అడ్డం పెట్టుకుంటున్నాడు. "వద్దురా" అంటున్నాడు. ఆ మాట ఆయన నోట వాళ్ళు ఎన్నడూ వినలేదు.

"ఒరేయ్, చచ్చిపోతాడ్రా!" స్పానరు లేవలేక పాకుతూ వెళ్ళి తండ్రి మీద అడ్డంగా పడింది. తండ్రికి తగలాల్సిన తన్ను ఆమె డొక్కలో తగిలింది. లోపల ఏదో పటుక్కుమంది. కళ్ళు బైర్లు కమ్మాయి. అయినా ఆమె పక్కకి జరగలేదు.

తమ్ముడు ఇంకో తన్నుకి కాలెత్తి, అక్క ముఖం చూసి, కాలు దించాడు. బూటు మీద ఉన్నది ఎవరి నెత్తురో పోల్చుకోలేక రెండు అడుగులు వెనక్కి వేశాడు. ఆ తరవాత హ్యాంగర్ లోంచి పరుగెత్తుకు వెళ్ళిపోయాడు.

కాసేపటికి ఆమె కింద నుంచి తండ్రి గొంతు వినిపించింది.

"పోయిన నెల చక్రానికి కరెంటు తీగ తగిలిందే. తెగింది. తెగకపోతే నేను లేను. తీగ మీద పడేదాకా నాకు కనబడలేదు."

"ఆ తీగ ఎవరింటి మీద పడిందో తెలుసా మీకు?"

"తెలీదు" అన్నాడు. "అడగడానికి భయమేసింది."

తండ్రి మణికట్టుకి పిండికట్టు, ముక్కుకి కుట్లు. స్పానరుకి రెండు పక్కటెముకలు చిట్లాయి. ఆసుపత్రిలో ఎలా జరిగిందని అడిగితే, తండ్రి తనంతట తానే "మాలో మేం కొట్టుకున్నాం" అని చెప్పాడు. అబద్ధం ఆడలేదు.

శుక్రవారం ఆమె పరీక్షకి వెళ్ళింది. పక్కకి తిరిగితే డొక్కలో కత్తి దిగినట్టుంది. వాచిన వేళ్ళ మధ్య పెన్సిలు నిలవడం లేదు. హాజరు తీసుకునే ఆవిడ ఆమె చేతి వంక చూసి, "ఎవరు కొట్టారమ్మా?" అని మెల్లిగా అడిగింది.

"ఇంట్లోవాళ్ళే."

"పోలీసులకి చెప్పావా?"

"ముందు ఇది రాయనివ్వండి మేడమ్."

పక్క కుర్చీ ఖాళీగా ఉంది. అది తమ్ముడిది. వాడు బుధవారం నుంచి ఇంటికి రాలేదు.

నలభై మూడో ప్రశ్న దగ్గర ఆమె పెన్సిలు ఆగింది. మెడికల్ సర్టిఫికెట్‌కి ఇంకా గడువుంది, కానీ ఎగరడానికి అడ్డొచ్చే జబ్బు తనకుందని పైలట్‌కి తెలుసు, అప్పుడేం చెయ్యాలి? జవాబు చిన్నపిల్లలకి కూడా తెలుస్తుంది. ఎగరకూడదు. తండ్రి వాళ్ళకు ఈ పాఠం కూడా చెప్పాడు. ఎంత బాగా చెప్పాడో ఆమెకు గుర్తుంది. ఆ జవాబు పక్కనున్న గుండ్రాన్ని నల్లగా దిద్ది, ముందుకు వెళ్ళింది.

అరవైలో యాభై రెండు వచ్చాయి. ఫలితం కాయితం మడిచి జేబులో పెట్టుకుని, అదే భవనంలో పై అంతస్తుకి మెట్లెక్కింది. మెట్టుకొకసారి ఆగుతూ ఎక్కింది. పైలట్ల వైద్య అధికారి గది అక్కడే. తండ్రి కళ్ళ సంగతి, కంటి బోర్డు సంగతి, తెగిన తీగ సంగతి అన్నీ కాయితం మీద పెట్టి, కింద తన సంతకం చేసింది.

ఇంటికొచ్చి ఆ మాట తండ్రికి చెప్పింది. ఆయన బాగున్న చేత్తో బల్ల మీది మంచినీళ్ళ గ్లాసు తీసి గోడకేసి కొట్టాడు. గాజుపెంకులు ఆమె పాదాల దాకా వచ్చాయి. ఆమె కదల్లేదు. ఆయన కూడా ఇంకేం తీసుకోలేదు. మూడు వారాలు ఆమెతో మాట్లాడలేదు. అమ్మతో అసలే మాట్లాడలేదు.

నాలుగో వారం ఒక మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. తమ్ముడు. గడ్డం మాసి, చిక్కిపోయి ఉన్నాడు. లారీల గోదాములో పనికి కుదిరాడట. బట్టలు తీసుకెళ్ళడానికి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, "నీ పక్కటెముకలు ఎలా ఉన్నాయక్కా?" అన్నాడు, నేల చూపులు చూస్తూ.

"అతుక్కుంటున్నాయి. లోపలికి రా."

వాడు అడుగు లోపల పెట్టాడు. బల్ల దగ్గర కూర్చున్న తండ్రికి ఎదురుగా మసకలో ఒక పెద్ద ఆకారం మాత్రమే కనిపించి ఉండాలి. ఆయన కుర్చీతో సహా వెనక్కి జరిగి, కట్టు కట్టిన చేతిని ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

తమ్ముడు ఎక్కడివాడక్కడే ఆగిపోయాడు. ఆరు నెలలు వాడూ అక్కా ఆ బల్ల దగ్గర అలాగే చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"కొట్టడానికి రాలేదు నాన్నా" అన్నాడు వాడు.

తండ్రి చెయ్యి వెంటనే దిగలేదు. స్పానరు ఇద్దరి మధ్యకీ కుర్చీ లాక్కుని కూర్చుంది. వంటింట్లోంచి అమ్మ ఈసారి బయటికి వచ్చింది.