బర్నబాస్ మాస్టారి మహా థ్రెడ్

తెనాలిలో డ్రిల్లు మాస్టారుగా పనిచేసే బర్నబాస్‌కి చిందరవందర అంటే ఒళ్లుమంట. బడిలో పిల్లల వరుస వంకరపోతే ఈల ఊదుతాడు. గుమ్మం ముందు చెప్పులు అడ్డదిడ్డంగా ఉంటే సర్దేదాకా అన్నానికి కూర్చోడు. అలాంటి మనిషికి ‘డెల్టా క్రికెట్’ అనే ఇంటర్నెట్ ఫోరంలో మోడరేటర్ పదవి దొరికిందంటే ఇంక చూసుకోండి.

ఆ ఫోరంలో తెనాలి, బాపట్ల, రేపల్లె జనం కలిసి విషయానికో చర్చ చొప్పున రెండు వందల పైచిలుకు థ్రెడ్లు పెట్టారు. రేపల్లె లీగుకొకటి, బాపట్ల ట్రయల్స్‌కొకటి, టెన్నిస్ బాలుకొకటి, అంపైర్లను తిట్టడానికి ఏకంగా మూడు. అన్నిటినీ ఒక్క థ్రెడ్‌గా కలిపేస్తానని మాస్టారు నెల రోజులుగా పట్టుబట్టాడు. ఫోరంలో పాతకాపు కిరణ్ కుమార్ ఒక్కడే అడ్డం తిరిగాడు.

“కలిపితే పోస్టులన్నీ టైము ప్రకారం ఒకదాని కింద ఒకటి పడతాయండి మాస్టారూ. ఎవరు దేనికి జవాబు చెప్పారో ఎవరికి తెలుస్తుందండి?” అని ఫోన్ చేసి మరీ మొత్తుకున్నాడు.

“చదవడం వచ్చినోడికి తెలుస్తుంది లేవయ్యా,” అని మాస్టారు కొట్టిపారేశాడు.

శుక్రవారం సాయంత్రం బడి నుంచి వచ్చి, కాఫీ తాగుతూ ఆ పని కాస్తా కానిచ్చేశాడు. ఒకసారి కలిపితే విడదీయడం కుదరదని ఫోరం హెచ్చరించినా లెక్కచేయలేదు. పదకొండు వేల పోస్టులు బుద్ధిగా ఒకే వరుసలో నిలబడ్డాయి. ఆయన కడుపు నిండిపోయింది.

మర్నాడు బాపట్లలో అండర్-నైన్‌టీన్ అమ్మాయిల ట్రయల్స్. మాస్టారు ఎనిమిదింటికల్లా మైదానానికి చేరాడు. ఆయన వచ్చింది ఒక్క పిల్ల కోసం. రేపల్లె దగ్గర పెనుమూడి అమ్మాయి దుర్గాభవాని లెగ్ స్పిన్ వేస్తుంది. రెండేళ్ల కిందట రేపల్లెలో ఆమె బంతి తిరగడం చూసి, ఆడపిల్లకి ఆటలేంటన్న వాళ్ల నాన్నని నాలుగుసార్లు ఇంటికెళ్లి ఒప్పించింది ఈయనే. వయసు లెక్కన ఆమెకిదే ఆఖరి అవకాశం.

తొమ్మిదైంది. తొమ్మిదిన్నరైంది. పిల్ల జాడ లేదు. బస్సులో ఉందేమో అనుకున్నాడు. ఫోన్ చేశాడు. రెండుసార్లు మోగి ఆగిపోయింది. మూడోసారి ఎత్తింది.

“ఎంతవరకు వచ్చావమ్మా?”

“ఇంటి దగ్గరే ఉన్నానండి. ట్రయల్స్ రేపు కదండి?”

“రేపేంటమ్మా! ఇవాళే! పదింటికి పేర్లు రాసుకోవడం ఆపేస్తారు!”

“మరి ఫోరంలో రేపని ఉంది కదండి...” అందా పిల్ల.

ఫోన్ పెట్టేయకుండానే సెలెక్టరమ్మ బల్ల దగ్గరికి పరిగెత్తాడు. ఒక్క గంట ఆగమని బతిమాలాడు. “పదిలోపు మనిషి ఇక్కడ ఉండాలండి. నా చేతిలో లేదు,” అందావిడ. అప్పటికి పది నిమిషాలే మిగిలాయి. పెనుమూడి నుంచి రెక్కలు కట్టుకున్నా రాలేదు.

ఆయనకి పిచ్చి కోపం వచ్చింది. బంగారం లాంటి పిల్లకి తప్పుడు తేదీ చెప్పిన వెధవ ఎవడో ఇప్పుడే తేల్చి, ఫోరం నుంచి వెళ్లగొట్టాలనుకున్నాడు. మహా థ్రెడ్ తెరిచి వెతికాడు. నిన్నటి పోస్టుల్లో దుర్గాభవాని ప్రశ్న దొరికింది: “ట్రయల్స్ రేపు ఎనిమిదింటికేనా అండి?”

సరిగ్గా దాని కింద జవాబు: “రేపు కాదు, ఎల్లుండి. అందరూ గమనించగలరు.” పక్కన మోడరేటర్ అన్న పచ్చ గుర్తు, ఈల మెడలో వేసుకున్న ఆయన సొంత ఫోటో.

అది రేపల్లె లీగు ఫైనల్ గురించి, వాన వల్ల వాయిదా పడిందని, ఆ థ్రెడ్‌లో తను రాసిన మాట. ఈ పిల్ల ప్రశ్న అప్పుడు వేరే థ్రెడ్‌లో ఉంది. దాన్ని ఆయన చూడనే లేదు. రెంటినీ పక్కపక్కన కూర్చోబెట్టింది తన చేతులే.

“సార్, ఉన్నారా?” ఫోన్‌లో పిల్ల ఇంకా లైన్లోనే ఉంది. “నాన్న ఇంకెవరినైనా ఓసారి అడగమన్నారండి. మాస్టారే రాశారు కదా, ఇంకెవర్ని అడుగుతామన్నానండి నేను.”

బల్ల దగ్గర సెలెక్టరమ్మ పేర్ల కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది.