నడిమి నుంచి కోత

గడ్డి కోసే యంత్రం మా కొండవాలు అంచుల వెంట మొదలై, చుట్టూ తిరుగుతూ లోపలికి వచ్చింది. గడ్డిలో గూళ్లు పెట్టుకున్న పిట్టలు, ఇంకా ఎగరలేని పిల్లలతో సహా, బెదిరి నడిమికి చేరాయి. చివరి చుట్టులో అన్నీ చక్రాల కింద పోయాయి. మేం కంచె అవతల నిలబడి చూశాం.

ఈ ఘనకార్యం చేయించింది వన్యప్రాణి సంరక్షణ అధికారి. మేం పిట్టలదొర అంటాం. మెడలో బైనాక్యులర్, మోకాళ్ల దాకా బూట్లు. గూడు ఎక్కడుంటుందో మాత్రం తెలియదు. పైనుంచి పెద్దలు వస్తున్నారని, కొండ నున్నగా కనబడాలని, ముందే కోయించాడు. తర్వాత రైతులే తొక్కి చంపారని నివేదిక రాశాడు. అందుకని నెలాఖరుకల్లా మేం కొండ దిగిపోవాలట. సిగ్గూ ఎగ్గూ లేని మనిషి.

చదువుకునే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇది తెలుసుకోండి. పిట్టపిల్లలు ఎగిరాకే మేం కొడవలి పడతాం. అదీ నడిమి నుంచి అంచులకు కోసుకుంటూ వస్తాం. దారి తప్పినవి ఏవైనా ఉంటే మా ముందు నడిచి గట్టు పొదల్లోకి పోతాయి.

సాయంత్రం గడ్డిపాకలో కూడాం. అర్జీ పెట్టుకుందామని చిన్నాన్న అన్నాడు. అర్జీ చదివేదీ ఆ దొరే కదా అని పాలమ్మే ఆమె నిలదీసింది. మాటామాటా పెరిగింది. చివరికి పెద్దమ్మ లేచింది. కోతకు మిగిలింది ఆమె వాలు ఒక్కటే.

"నా గడ్డిలో పిల్లలు బతికుంటే వాడి రాత అబద్ధమని తేలుతుంది. అందుకే రేపు మిషను తెస్తాడు. నేనొక్కదాన్నే అడ్డం కూర్చుంటే పిచ్చిదంటారు. నలభైమందిమి కూర్చుంటే ఏమంటారో చూద్దాం."

పొద్దున్నే నలభైమందిమీ అడుగు చూసుకుంటూ వెళ్లి కూర్చున్నాం. దొర పోలీసుల్ని వెంటేసుకొచ్చాడు. గూళ్లు తొక్కుతున్నామని మామీదే కేసు పెడతానన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. యంత్రం మా ముందుకొచ్చి ఆగింది. ముందుకు పోనిమ్మని దొర అరిచాడు. డ్రైవరు ఇంజను ఆపి, తాళం జేబులో వేసుకుని దిగాడు.

"నిన్న చక్రాలు కడిగింది నేను సార్. మీరు కాదు," అన్నాడు. వచ్చి పెద్దమ్మ పక్కన కూర్చున్నాడు.

ఇద్దర్నీ జీపెక్కించారు. జీపులోంచి పెద్దమ్మ మాకు ఒకటే చెప్పింది: "పిల్లలు ఎగిరేదాకా ఎవరూ లేవొద్దు."

ఎవరమూ లేవలేదు. మధ్యాహ్నానికి అవతలి కొండవాళ్లూ వచ్చి కూర్చున్నారు, దొర కోత జాబితాలో తర్వాత ఉన్నది వాళ్ల కొండే. దొర యంత్రం పక్కన ఎండలో నిలబడి కొత్త డ్రైవరు కోసం ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. ఇంతవరకూ ఒక్కడూ రాలేదు.