అరచేతుల్లో వెలుతురు

చీకటి పడ్డాక కూడా కాలీచాకు తన అరచేతి గీతలు కనబడతాయి.

దీపం అక్కర్లేదు. వాకిట్లో నిలబడి చేతులు చాపితే చాలు... గీత గీతా కనబడుతుంది.

ఆ వెలుతురు ఇంట్లోది కాదు. పక్కనే కొడుకు మెదెర్ కట్టిన పెళ్ళి హాలుది. దాని కప్పు మీద నాలుగు పెద్ద ఫోకస్ లైట్లున్నాయి. నాలుగూ నిట్టనిలువుగా ఆకాశంలోకి పోతాయి.

కొండల నడుమ ఊరు. ఊరు చిన్నది, దీపాల సోకు పెద్దది.

పెట్రోలు బంకు రాత్రంతా తెల్లగా వెలుగుతుంది. టొమాటోలు పెంచే గాజు షెడ్ల మీద గులాబీరంగు మబ్బు ఒకటి ఎప్పుడూ ఉంటుంది. కొండ కొట్టే క్వారీ దగ్గర పసుపు దీపాలు, మసీదు గుమ్మటం చుట్టూ పచ్చ దీపాలు. సెల్‌ఫోన్ల కొట్టువాడు తాళం వేసుకుని పోయినా, వాడి బోర్డు దారినపోయే ప్రతివాడికీ కన్ను కొడుతూనే ఉంటుంది.

అన్నిటికన్నా ఎత్తు మెదెర్ లైట్లే. కనుమ అవతలివాళ్ళకు కూడా కనబడాలని అతని మురిపెం.

కనబడ్డాయి. మనుషులకే కాదు...

మనవడి పెళ్ళి సాయంత్రం. పొగమంచు కనుమలోంచి దిగి ఊరి మీద కూర్చుంది. ఆ మంచులోంచి క్రౌంచ పక్షులు వచ్చాయి. దక్షిణానికి పోవలసినవి, వెలుతురులోకి వచ్చాయి.

వచ్చి, తిరిగాయి. తిరుగుతూనే ఉన్నాయి.

పెళ్ళివాళ్ళంతా బయటికి పరిగెత్తారు. ఫోన్లు పైకి లేచాయి. రాజధాని నుంచి వచ్చిన వియ్యంకుడు నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

“అపా, పెద్దవారు మీరే చెప్పాలి. ఏం శకునమండీ ఇది?”

ఆ ప్రాంతంలో తల్లినైనా, ఇంటి పెద్దావిడనైనా ‘అపా’ అనే పిలుస్తారు. అందరూ కాలీచా వైపు తిరిగారు.

కాలీచాకు తెలుసు. పాపం, ఆమెకు తెలుసు.

చిన్నతనంలో వేసవి మేతకు కొండమీద డేరా వేసుకున్న రోజులు. వేసవి చివర, పొగమంచు మూసిన సాయంత్రాల్లో పైన క్రౌంచాల అరుపు వినబడితే అమ్మ పెద్ద బాన తెచ్చి పొయ్యి మీద బోర్లించేది. “నిప్పు కనబడనీయకే పిల్లా, దారి తప్పుతాయి” అనేది. చీకట్లో అందరూ ఊపిరి బిగబట్టి కూర్చునేవారు. అరుపులు దూరమయ్యేదాకా ఎవరూ బాన ఎత్తేవారు కాదు.

ఆ అరుపే ఇది. దారి తప్పిన అరుపు.

కానీ వియ్యాలవారు చూస్తున్నారు. మెదెర్ ముఖం వెలిగిపోతోంది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు — ఆ ఊళ్ళో మంచి నోరంటే కాలీచా నోరే.

కొత్త పెళ్ళికూతురు బురుల్ మెల్లిగా దగ్గరికి వచ్చింది. కొత్త కోడలికి కట్టే తెల్ల తలగుడ్డ కింద తల వంచుకునే అంది.

“అపా... అవి ఏడుస్తున్నట్టున్నాయి. లైట్లు తీసేయమంటారా?”

ఆ ఇంట్లో ఆ పిల్ల మొదటి మాట అది.

“ఓసోసి! తలగుడ్డ ముడి ఇంకా బిగియనే లేదు, అప్పుడే పెత్తనమా?” అంది కాలీచా.

అందరూ ఘొల్లున నవ్వారు. బురుల్ వెనక్కి తగ్గింది.

“భాగ్యం నెత్తిమీద తిరుగుతుంటే దీపం ఆర్పుకుంటారుటర్రా ఎవరైనా? వెలగనీయండి!”

కాలీచా రెండు చేతులూ చాపింది. దీవెన చదివింది. ఆమె అరచేతులతో ముఖం తుడుచుకుంటే, ఊరంతా ముఖం తుడుచుకుంది. పెద్దవాళ్ళు అలా తుడుచుకుంటేనే దీవెన పూర్తయినట్టు. అందాకా ఎవరూ చేయి దించరు.

పాట హోరెత్తింది. పక్షులు తిరుగుతూనే ఉన్నాయి.

తెల్లవారింది. వాకిలి ఊడ్చేది కొత్త కోడలే. చీపురు చప్పుడు వినబడింది.

ఆగింది.

మళ్ళీ వినబడింది. మళ్ళీ ఆగింది.

కాలీచా కిటికీ తెర తీసింది. గోడ వారన, కారు చక్రాల పక్కన, తీగల కింద — బూడిదరంగు రెక్కలు. ఒకటి బతికే ఉంది. పడిపోయిన తన జోడు చుట్టూ తిరుగుతోంది. రాత్రంతా తిరిగిన అలవాటు కాబోలు... కాదు. కాదని ఆమెకు తెలుసు.

బురుల్ వాటిని ఒక్కొక్కటే రెండు చేతులతో ఎత్తి తోపుడుబండిలో పడుకోబెట్టింది. చేతులు కడుక్కుని వచ్చి టీ పోసింది. కప్పు రెండు చేతులతో అందించింది. 

ఒక్క మాట అన్నా బాగుండేది.

సిగ్గేసింది కాలీచాకు. వయసుకు సిగ్గు, మంచి నోటికి సిగ్గు. బోర్లించిన బాన గుర్తొస్తే మరీ సిగ్గు. తిలాపాపం తలా పిడికెడు అనుకోబోయింది — బంకువాడిదొక పిడికెడు, క్వారీవాడిదొక పిడికెడు. కానీ లైట్లు ఉంచమని నోటితో అన్నది వాళ్ళు కాదు.

మెదెర్ మాత్రం తేలిగ్గా నవ్వేశాడు. “ఒకటో రెండో పడ్డాయిలే అపా. ఊరంతా ఏమంటున్నారో తెలుసా? మన హాలుకు పక్షుల దీవెన ఉందట! నవంబరు దాకా ఒక్క సాయంత్రం ఖాళీ లేదు.”

చెబుదామనుకుంది. నోరు తెరిచింది. “టీ చల్లారిపోతోంది, తాగు” అంది.

మళ్ళీ ఒక పెళ్ళి. ఎవరిదో. మళ్ళీ పొగమంచు.

“అపా, మీ చేత్తోనే దీవెన కావాలని పట్టుబట్టారు, రండి” అని మెదెర్ చేయి పట్టుకుని తీసుకొచ్చాడు. నాలుగు లైట్లూ లేచాయి. హాలు ముందు జనమంతా చేతులు చాపారు. కాలీచా కూడా చాపింది.

పైనెక్కడో... ఒక అరుపు. ఇంకొకటి.

జనం నవ్వుతూ తలలెత్తారు. “వచ్చాయి, వచ్చాయి!”

తల ఎత్తనిది బురుల్ ఒక్కతే. హాలు గుమ్మం దగ్గర, లైట్ల మీటలున్న గోడ పక్కన నిలబడింది. అపా నోటి వైపే చూస్తోంది.

దీవెన మాటలు కాలీచా నాలుక దాకా వచ్చాయి. అక్కడే ఆగాయి. చేతులు ముఖం మీదికి రాలేదు.

ఆమె చేతులు దించలేదు గనుక ఎవరూ దించలేదు. అందరూ అలాగే ఎదురుచూస్తున్నారు. అరుపులు దగ్గరవుతున్నాయి.

కాలీచా చాపిన అరచేతుల్లోకి చూసుకుంది. గీత గీతా కనబడుతోంది.