ఖాళీ చేయించిన వీధి

రొక్కామోరా అనే చిన్న ఊరికి మేయరుగా గెలిచిన ఏడాదే ఫిలొమేనా, విశ్వవిద్యాలయం వాళ్ళ సాయం అడిగింది. పురపాలక ఆఫీసుకు ఉన్నది ఒకే ఒక్క ఇంజనీరు, అతన్ని కూడా పక్క ఊరితో పంచుకోవాలి. ఊరేమో కొండవాలు మీద ఉంది. వానలు పడితే చాలు, ఎగువ వీధి గోడలు బీటలు వారేవి. భూగర్భశాస్త్రం ప్రొఫెసరు సాబియా విద్యార్థులతో వచ్చి, బీట ఎంత వెడల్పయిందో చూపే కొలత పలకలు వాటి మీద బిగించి, వాటిని చదవడం ఆఫీసు సిబ్బందికి ఓపిగ్గా నేర్పాడు.

నవంబరు వానల్లో ఒకరోజు ఆయన తడిసిన కోటు కూడా విప్పకుండా ఆమె ఎదుట కూర్చున్నాడు.

"మేయరు గారూ, కొండ కదులుతోంది. ఎగువ వీధి ఖాళీ చేయించాలి."

"ఎప్పుడు పడుతుంది?"

"చెప్పలేను. రేపు కావచ్చు, వసంతానికి కావచ్చు."

"ఎప్పుడో తెలియని దానికి జనాన్ని ఇళ్ళలోంచి గెంటమంటారా?"

"చెప్పడం వరకే నా పని. సంతకం మీరే పెట్టాలి."

ఆయన పటం మీద ప్రమాదం ఎంతవరకో గీత గీశాడు. గీత లోపల చివరి ఇల్లు ఫిలొమేనా పిన్ని కార్మెలాది. తల్లి పోయాక ఆమెను పెంచింది ఆ పిన్నే.

ఫిలొమేనా వెళ్ళేసరికి ముసలావిడ ఎండు మిరపకాయలు దారానికి గుచ్చుతోంది.

"పిన్నీ, బట్టలు సర్దుకో. కొండ విరిగి పడేలా ఉందట."

"ఎవడన్నాడు? ఆ కళ్ళద్దాలాయనా? భూకంపానికే బెసకని ఇల్లిది. మీ బాబాయి ఆ మంచం మీదే పోయాడు. నేనూ అక్కడే పోతాను, నీ దయ ఉంటే."

"అందర్నీ పంపేసి నిన్నొక్కదాన్ని ఉంచితే ఊరు నా మొహాన ఉమ్మదూ?"

"ఉమ్మితే తుడుచుకో."

మర్నాడు ఇద్దరు పోలీసులు కార్మెలాను కుర్చీతో సహా ఎత్తి వ్యానులో పెట్టారు. ఆమె అరవలేదు. పెంచిన పిల్ల వైపు చూడనూ లేదు.

వీధి మొత్తాన్ని సముద్రపు ఒడ్డున, చలికాలం మూసి ఉండే హోటల్లో ఉంచారు. కొండ మాత్రం పడలేదు. వానలు తగ్గి ఎండ కాసింది. జనం మేయర్ని చూసి, "కొండ కులాసాయేనా?" అని నవ్వసాగారు. జనవరిలో కార్మెలా ఆ చల్లటి గదిలో ఊపిరితిత్తులు చెడి చనిపోయింది. సమాధి దగ్గర, ఆమె పొరుగింటాయన వీతో అందరూ వినేలా అన్నాడు:

"కొండ ఎవర్నీ చంపలేదు మేయరమ్మా. చంపింది నువ్వు."

ఫిలొమేనా ఇంటికెళ్ళి సాబియాకు ఫోను చేసింది.

"ఇక జనాన్ని వెనక్కి రానివ్వమంటారా?"

"కొలతలు నెమ్మదించాయి, ఆగలేదు. వద్దంటాను."

కౌన్సిలర్లందరూ ఆంక్షలు ఎత్తేయమని పట్టుబట్టారు. ఆమె ఒప్పుకోలేదు. ఆ రోజు నుంచి ఆఫీసులో ఆమెతో కలిసి కాఫీ తాగడానికి ఎవరూ లేచేవారు కాదు.

మార్చిలో ఒక మధ్యాహ్నం, భోజనాల వేళ, ఎగువ వీధి ఒక్కసారిగా లోయలోకి జారిపోయింది. వీతో ఇల్లు ఆనవాలు లేకుండా పోయింది. ఒక్క మనిషికీ దెబ్బ తగల్లేదు. మట్టి కార్మెలా గుమ్మం దాకా వచ్చి ఆగింది. ఆ ఇంటి కిటికీ అద్దమైనా పగల్లేదు.

సాబియా ఫిలొమేనాతో కలిసి ఆ ఇంటి ముందు నిలబడ్డాడు. "గీత ఒక ఇల్లు ఎక్కువగా గీశాను," అన్నాడు.

"రెండిళ్ళు తక్కువ గీసి ఉంటే?"

"వీతో పిల్లలు పోయేవారు."

ఫిలొమేనా కింద కనిపించే బడి వైపు చూసింది.

"బడి వెనక వాలుకి కూడా పలకలు బిగించండి ప్రొఫెసరు గారూ."

"అక్కడా పొరపడొచ్చు నేను."

"తెలుసు. మీరు గీయండి, నేను సంతకం పెడతాను."

ఆ తర్వాత హోటల్లో ఎదురు చూస్తున్నవాళ్ళకు ఎవరెవరి ఇళ్ళు పోయాయో చెప్పడానికి ఒంటరిగా కారెక్కింది. విన్నాక వీతో తల వంచుకున్నాడు. క్షమించమని అడగలేదు. "మరి మేమెక్కడ ఉండాలి?" అన్నాడు. ఆమె కుర్చీ లాక్కుని అతని పక్కనే కూర్చుంది.