తిట్టడానికి వీల్లేని బండి

మేస్త్రి దగ్గరికి బండి తెచ్చినవాడు ముందు తిట్లు తినాలి, తర్వాత రోగం చెప్పాలి. షెడ్డు పెట్టిన నాటి నుంచీ అదే వరస. "ఆయిలు ఎప్పుడు మార్చావు? గుర్తులేదా? స్నానం ఎప్పుడు చేశావో గుర్తుందా?" అని మొదలుపెట్టి, ఎదుటి మనిషి ముఖం ఎర్రబడేదాకా ఆపడు. ఆయనకు నోటి దూల అని జనం అనుకుంటారు గానీ, అది వైద్యం. తిట్లు పడ్డవాడు కాసేపు తల గోక్కుని, "అదే మేస్త్రీ, మొన్న మా తమ్ముడు ఏదో కెలికాడు" అని అసలు సంగతి కక్కేస్తాడు. ఇంజన్ల రోగాల్లో ముప్పాతిక వంతు ఇంజన్లో పుట్టవు, ఓనరు చేతుల్లో పుడతాయి. అందుకే మేస్త్రి ముందు ఓనర్ని విప్పుతాడు, తర్వాతే బానెట్టు ఎత్తుతాడు.

అలాంటి మనిషికి తిట్టడానికి వీల్లేని బండి ఒకటి వచ్చి పడింది. అది వియ్యంకుడిది.

వియ్యంకుడు వడ్రంగి. చేసిన బల్లలూ తలుపులూ మోసుకు తిరగడానికి ఆయనకో పాత పికప్పు ఉంది. దాని అసలు రంగేమిటో ఆయనకే అనుమానం. నాలుగు నెలల కిందట పెళ్లిలో ఆ బండి గేటు దగ్గర ఆగీ ఆగకుండా గడగడలాడుతుంటే, ఆడపిల్ల తండ్రినన్న సంగతి కూడా మరిచి మేస్త్రి అందరి ముందూ గొప్పకు పోయాడు. "బావగారూ, అది ఒక్కసారి నా చేతిలో పడనివ్వండి. ఆ తర్వాత వణుకన్న మాట మీ ఇంట్లో వినపడితే నా మీసం తీయించుకుంటా" అన్నాడు. ఆ మాట వియ్యపురాలు విన్నది. ఆవిడ విన్న మాట మర్చిపోయే రకం కాదు.

మొదటిసారి వియ్యంకుడు బండిని శుభ్రంగా కడిగి, తెల్ల చొక్కా వేసుకుని మరీ తెచ్చాడు. బండి మాత్రం షెడ్డు రేకులు మోగేలా ఊగుతోంది.

"అదురా, వణుకా, కుదుపా?" అనడిగాడు మేస్త్రి. ఆయన లెక్కలో అవి మూడు వేరు వేరు జబ్బులు. అదురైతే కింద షాఫ్టు, కుదుపైతే డీజిలు, వణుకైతే ఇంజన్ని మోసే రబ్బర్లు.

"మీకు తెలియనిదేముంది బావగారూ. మూడూ కొంచెం కొంచెం ఉన్నాయనుకోండి" అన్నాడు వియ్యంకుడు మర్యాదగా.

ఇంకొకరైతే ఈ పాటికి పెద్ద క్లాసు అయ్యేది. మేస్త్రి నాలుక కొరుక్కుని బండి కిందికి దూరాడు. ఇంజన్ కింద ఎడమవైపు మౌంటింగ్ రబ్బరు అప్పడంలా అణిగిపోయి ఉంది. దాని పక్కనే ఇనుము మీద రెండు వేళ్ల వెడల్పున ఒక చోటు నున్నగా, మెరుస్తూ కనిపించింది. అక్కడ ఏదో ఏళ్ల తరబడి రాసుకున్నట్టుంది.

"బావగారూ, ఇక్కడ ఏమైనా..." అన్నాడు.

"అబ్బే" అన్నాడు వియ్యంకుడు, ప్రశ్న పూర్తి కాకముందే.

ఆయన వెనక్కి తిరిగినప్పుడు తెల్ల చొక్కా వీపంతా మట్టి కనిపించింది. కడిగిన బండిలో కూర్చుని వచ్చిన మనిషి వీపుకి మట్టి ఎలా అంటిందని అడగాలనిపించింది. వియ్యంకుడి వీపు గురించి ప్రశ్నలు వేయడం బాగుండదని మానేశాడు. కొత్త రబ్బరు బిగించాడు. బండి బుద్ధిగా మూలిగింది. బానెట్టు మీద నీళ్ల గ్లాసు పెట్టి చూపిస్తే, గ్లాసు పెట్టినచోటే ఉంది. మేస్త్రి మీసం దువ్వుకున్నాడు.

రెండు రోజులకు కూతురు ఫోను చేసింది.

"నాన్నా, బండి మళ్లీ వణుకుతోంది."

"ఛ! నేను గ్లాసు పెట్టి చూపించాను కదమ్మా."

"ఇక్కడా గ్లాసు చూపిస్తున్నారు" అంది కూతురు. అత్తగారు భోజనాల దగ్గర స్టీలు గ్లాసు పట్టుకుని బల్ల మీద టకటకా ఆడిస్తోందట. 'ఇదిగో, మీ నాన్నగారి రిపేరు' అంటోందట. అందరూ నవ్వుతున్నారట. "నేనూ నవ్వేస్తున్నాలే నాన్నా" అని ఆ పిల్ల అన్న తీరు మేస్త్రికి ముల్లులా గుచ్చుకుంది. తన మీద ఎంతమంది నవ్వినా ఆయనకు లెక్కలేదు. తన మూలంగా కూతురు కంచం ముందు కూర్చుని నవ్వలేక నవ్వడం మాత్రం తట్టుకోలేకపోయాడు.

రెండోసారి బండి వచ్చింది. మళ్లీ కడిగే ఉంది, చొక్కా వీపున మళ్లీ మట్టే. స్టార్టు చేస్తే వణుకు లేదు. మేస్త్రి దాన్ని వీధి చివరిదాకా తోలాడు, గేరు మార్చి తోలాడు, బ్రేకు మీద తోలాడు. బండి కొత్త పెళ్లికొడుకులా ఒద్దికగా నడిచింది. అయినా వట్టి చేతులతో పంపలేక డీజిలు చిమ్మే నాజిళ్లు విప్పి కడిగాడు, బెల్టు మార్చాడు. ఇంటికెళ్లగానే బండి గడగడలాడింది. భోజనాల బల్ల మీద గ్లాసు మోగింది.

మూడోసారి క్లచ్చు దింపాడు. ఫ్యాను రెక్కలు కొలిచాడు. పొడుగాటి స్క్రూడ్రైవరు ఒక కొస ఇంజన్ మీద, రెండో కొస చెవి దగ్గర పెట్టుకుని గంటసేపు విన్నాడు. ఇంజను తనకేమీ తెలియదంది. మళ్లీ బిగించి పంపాడు, మళ్లీ వణికింది. మేస్త్రికి మొదటిసారి తన చేతుల మీదే అనుమానం వచ్చింది. వేళ్లు మొద్దుబారాయేమో, ఎదురుగా ఉన్న వణుకే తెలియట్లేదేమోనని భయపడ్డాడు. టీ గ్లాసు పట్టుకుని, వేడి తెలుస్తోందా లేదా అని చూసుకున్నాడు. చురుక్కుమంది. మరి రోగమెక్కడ?

ఆ సాయంత్రం కూతురే మళ్లీ ఫోను చేసింది. గొంతు బాగా తగ్గించి మాట్లాడింది.

"నాన్నా, బండిని అక్కడ చూడకు. ఇక్కడికొచ్చి చూడు."

"ఎందుకమ్మా?"

"ఊరికే. ముందుగా చెప్పకుండా రా."

ఆ పిల్ల అంబాడే వయసు నుంచీ షెడ్డులో నట్లతో ఆడుకుంటూ పెరిగింది. ఊరికే ఏదీ అనదు. మర్నాడు ఉదయం ఎనిమిదింటికి మేస్త్రి వియ్యంకుడి గుమ్మంలో ఉన్నాడు.

ఇంటి ముందు భాగమంతా వడ్రంగి పని. రంపప్పొట్టు గుట్టలు, సగం చేసిన తలుపులు, గోడకు వరసగా ఉలులు. పక్కనే పికప్పు. వియ్యపురాలు కంగారుపడి కొంగు సర్దుకుంటూ వరండాలో కుర్చీ వేసింది. మేస్త్రి కూర్చోగానే కుర్చీ ఒక పక్కకి ఒరిగింది. ఇటు సర్దుకుంటే అటు ఒరిగింది.

"చెప్పా పెట్టకుండా వచ్చారేమిటి అన్నయ్యగారూ!" అంది.

"బండి ఇక్కడ ఎలా ఉంటుందో ఒకసారి చూద్దామని చెల్లెమ్మగారూ."

ఆ మాట వినగానే వియ్యంకుడు లోపలి నుంచి బాణంలా వచ్చాడు. "ఒక్క నిమిషం ఆగండి బావగారూ, బండి కడిగేసి ఇస్తాను."

"ఎందుకండీ, ఉన్నదున్నట్టు చూస్తాను."

"అయ్యో, దుమ్ము కొట్టుకుపోయి ఉంది. మీరు కాఫీ తాగుతూ ఉండండి."

బండి కడగడానికి వెళ్తున్న మనిషి చేతిలో బకెట్టు లేదు. కొయ్య సుత్తి ఉంది. మేస్త్రి ఆ సుత్తి వంక చూశాడు. వియ్యంకుడు బండి వెనక్కి వెళ్లి మాయమయ్యాడు. కాసేపటికి ఇంజన్ కింద నుంచి రెండు కాళ్లు బయటికి కనిపించాయి. టక్, టక్ అని చప్పుడు మొదలైంది.

మేస్త్రి కాఫీ గ్లాసు కింద పెట్టి లేచాడు. రెండో వైపు నుంచి నేల మీద వెల్లకిలా పడుకుని బండి కిందికి పాకాడు. ఇంజన్ కింద వియ్యంకులిద్దరూ ముఖాముఖి అయ్యారు. ఇద్దరి మధ్యా, కొత్త రబ్బరు పక్కన సరిగ్గా ఆ నున్నటి చోటులో, ఏటవాలుగా చెక్కిన టేకు ముక్క ఒకటి సగం బయటికొచ్చి ఉంది.

"ఏమిటిది?" అన్నాడు మేస్త్రి.

"చెక్కండి" అన్నాడు వియ్యంకుడు.

"చెక్కని నాకూ తెలుసు. ఇంజన్లో ఏం చేస్తోంది?"

"పదకొండేళ్ల కిందట రబ్బరు పాడైతే, అప్పటికి కదలకుండా ఉంటుందని దిగ్గొట్టాను. మీలాంటి పనివాడికి అది చూపించడం నామోషీ కదా. అందుకని మీ వీధి మలుపులో తీసేసేవాణ్ని."

"కొత్త రబ్బరు వేశాక?"

"ఇంటికొచ్చి మళ్లీ పెట్టేవాణ్ని. రబ్బరు మరీ మెత్తగా ఉంది బావగారూ, నమ్మకం కుదర్లేదు. పైగా సందు కనిపిస్తే నా చేయి ఊరుకోదు."

అంతే. మూడు వారాలుగా మేస్త్రి నాలుక కింద దాచుకున్నదంతా ఒక్కసారిగా బయటికి తన్నుకొచ్చింది. ఆ ఉప్పెనలో కూడా 'అండీ' మాత్రం వదల్లేదు.

"బుద్ధుందా అండీ మీకు? మీరు మనిషా, దూలమా అండీ? ఆ సందు ఉండాలనే కదండీ రబ్బరు వేసేది! ఇంజను వణుకు బండికి తగలకుండా మధ్యలో మెత్తగా దాన్ని పెడితే, పక్కన చెక్క దిగ్గొట్టి వణుకంతా బండికి మోసుకెళ్తారా? బుర్రలో ఏముందండీ, రంపప్పొట్టా? క్లచ్చు దింపానండీ నేను! నా వేళ్లు చచ్చాయేమోనని వేడి గ్లాసు పట్టుకుని చూసుకున్నానండీ! మీరు సిగ్గుపడి చెక్క దాచుకుంటే, అక్కడ నా కూతురు అన్నం తినేచోట గ్లాసులు మోగుతున్నాయండీ!"

చివరి మాట నోట్లోంచి వచ్చాక గానీ, తను ఎక్కడున్నాడో ఆయనకు గుర్తు రాలేదు.  బండి కింద నుంచి చూస్తే వరండా మెట్ల మీద రెండు జతల పాదాలు కనిపించాయి. ఒక జత కూతురివి. రెండోవి వియ్యపురాలివి. అయిపోయింది, పిల్ల కాపురంలో నా నోటితోనే నిప్పులు పోశాను అనుకుంటూ మేస్త్రి మెల్లగా బయటికి పాకాడు. వియ్యంకుడు చెక్క చేత్తో పట్టుకుని రెండో వైపు నుంచి లేచాడు. ఇప్పుడు ఇద్దరి వీపులకూ మట్టే.

 వియ్యపురాలు ఒక మెట్టు దిగింది.

"అన్నయ్యగారూ, 'దూలమా' తర్వాత ఏమన్నారు? సరిగ్గా వినపడలేదు."

మేస్త్రి తల దించుకున్నాడు. "తప్పైపోయిందమ్మా, నోరు జారాను."

"జారడమేమిటి! ఇరవై ఎనిమిదేళ్ల నుంచి నేను అనాలనుకుంటున్న మాటలవి, ఇంత వరసగా నాకు రాలేదు. నా మంచం కింద చెక్క, బీరువా కింద చెక్క, పొయ్యి గట్టు కింద చెక్క. కాలి వేళ్లన్నీ వాటికే తగులుకుని చచ్చాను. తీసెయ్యమంటే ఒక్కటీ తీయరు. 'రంపప్పొట్టు' అన్నారు చూడండీ, అది బాగుంది." ఆవిడ మొగుడి వైపు తిరిగింది. "ఏమండీ, అది తీశారా, లేకపోతే ఇంకా అక్కడే ఉందా?"

వియ్యంకుడు చేతిలోని చెక్క చూపించాడు. ఆవిడ లోపలికెళ్లి స్టీలు గ్లాసు నిండా నీళ్లు తెచ్చి, తానే బానెట్టు మీద పెట్టింది. "తిప్పండి తాళం" అంది. బండి స్టార్టయింది. నీళ్ల మీద సన్నగా గీతలు కదిలాయి గానీ, గ్లాసు కదల్లేదు. ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని, గ్లాసు వంకా తర్వాత కోడలి వంకా చూసింది. "పాపం, దీన్ని ఇన్ని రోజులు ఏడిపించాను" అని గొణిగి, గ్లాసు తీసి కోడలి చేతిలో పెట్టింది. అంతకంటే పెద్ద క్షమాపణ ఆవిడ ఎవరికీ చెప్పి ఎరగదు.

మేస్త్రి కూతుర్ని పక్కకి పిలిచాడు. "నీకు ముందే తెలుసు కదూ?"

"మొదటిసారే చూశాను నాన్నా, కిటికీలోంచి."

"మరి చెప్పి చావొచ్చుగా!"

"నేను చెబితే కోడలు చాడీ చెప్పినట్టు. నువ్వు తిడితే మేస్త్రి తిట్టినట్టు" అంది ఆ పిల్ల. ఈసారి నిజంగా నవ్వింది. మేస్త్రికి కళ్లు చెమర్చాయి. గ్రీజు చేత్తో తుడుచుకుంటే ముఖమంతా నల్లగా అయింది.

మళ్లీ కాఫీ వచ్చింది. మేస్త్రి వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. కుర్చీ ఒరిగింది. అటు జరిగాడు. ఇటు ఒరిగింది. కాఫీ చొక్కా మీద ఒలికింది.

"దాని కింద కూడా ఒకటుండేది. నిన్న ఊడుస్తూ నేనే పారేశాను" అంది వియ్యపురాలు నెమ్మదిగా.

 వియ్యంకుడు చేతిలో ఉన్న టేకు ముక్కను చూసుకున్నాడు. కుర్చీ కాలి కింది సందు చూశాడు. భార్యను చూశాడు. చివరికి బావగారి ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు. అందరూ మేస్త్రి వైపే చూస్తున్నారు. ఆయన చొక్కా మీది కాఫీ దులుపుకుని, ఒరిగినవాడు ఒరిగినట్టే కాసేపు కూర్చున్నాడు.

"సరే, పెట్టండి" అన్నాడు.