రివర్స్ అక్కర్లేని దారి

మే నెల వచ్చిందంటే రైండర్ ఇంట్లో భోజనాల బల్ల మీద కాఫీ కప్పు పెట్టడానికి చోటుండదు. బల్లకి ఈ చివర ఫ్రాన్సు మ్యాపు, ఆ చివర ఆస్ట్రియాది, మధ్యలో ఒక స్కేలూ భూతద్దమూ. నెదర్లాండ్స్‌లో గ్రోనింగెన్ పొలాల మధ్యనున్న ఆ ఊళ్ళో సగం ఇళ్ళకి కారు వెనక తగిలించి లాక్కెళ్ళే చక్రాల ఇళ్ళు, కారవాన్లు ఉన్నాయి. వేసవిలో వాటితో బయల్దేరేవాళ్ళెవరైనా ముందు రైండర్ దగ్గర కూర్చుని దారి గీయించుకోవాల్సిందే. వచ్చినవాళ్ళకి అతని భార్య ఫెన్నా ఒక కాఫీ, ఒక బిస్కట్టు ఇచ్చి డబ్బా మూత పెట్టేస్తుంది. రెండో బిస్కట్టు రెండో కప్పుతోనే.

"ఏవయ్యా, ఈ ఊరి మధ్యనించి పోతే సగం పూట కలిసొస్తుంది కదా? చుట్టూ తిప్పుతావెందుకు?" అన్నాడు పక్కింటి హార్మ్.

"పో, ఎవరొద్దన్నారు? ఆ సందుల్లో ఇరుక్కుంటే కారవాన్ అక్కడే అమ్మేసి రైల్లో వద్దువుగాని."

"అమ్మో, నీ అంత జాగ్రత్త మనిషిని నేను చూళ్ళేదు" అని హార్మ్ చుట్టుదారే తీసుకుని వెళ్ళిపోయాడు.

జాగ్రత్తా పాడా! వట్టి భయం. కారవాన్ తగిలించి ఉండగా రైండర్‌కి రివర్స్ చేయడం రాదు. ముందుకైతే ఉత్తర ధ్రువం దాకా లాక్కెళ్తాడు. వెనక్కి రెండు గజాలు పోవాలంటే మాత్రం కారు ఒక పక్కకి, కారవాన్ ఒక పక్కకి, ప్రాణం ఇంకో పక్కకి పోతాయి. అందుకే అతని దారుల్లో ప్రతి పెట్రోలు బంకుకీ రెండు గేట్లుంటాయి, ప్రతి ఓడా ఒక వైపు ఎక్కి రెండో వైపు దిగేదే. కారవాన్లు నిలుపుకునే శిబిరాల్లో తప్పనిసరైతే గేటు దగ్గరే కొక్కెం విప్పేసి, "రివర్స్ చేస్తే బ్రేకులు పాడవుతాయండీ" అంటాడు. వెంటనే నలుగురు తోటి డచ్చివాళ్ళు చెప్పులు టపటపలాడిస్తూ వచ్చి నెట్టిపెడతారు. డచ్చివాళ్ళకి ఎదుటివాడి కారవాన్ నెట్టడమంటే సరదా. లోపల ఏమేం ఉన్నాయో చూడొచ్చు కదా.

ఇన్నేళ్ళూ గుట్టుగా సాగిపోయిన వ్యవహారానికి ఆ ఏడు ఫెన్నా అడ్డుపడింది. ఆ దేశంలో అందరిళ్ళలో లాగే వాళ్ళ మరుగుదొడ్డి గోడకీ ఒక పుట్టినరోజుల క్యాలెండరు ఉంది. వారాలుండవు కాబట్టి ఏటా అదే పనికొస్తుంది. ఫెన్నా పుట్టిన జూన్ నెలకి నార్వేలో కొండల మధ్య ఒక ఆకుపచ్చని నీటి పాయ, ఒడ్డున ఎర్రటి పడవల కొట్టం. ఇరవై ఏళ్ళుగా ప్రతి జూన్‌లోనూ నెల పొడుగునా ఆ బొమ్మే చూస్తోంది ఆవిడ.

"ఈసారి అరవై నిండుతున్నాయి నాకు. కేకొద్దు, కుర్చీకి కాగితప్పూలు కట్టొద్దు. అక్కడికి తీసుకెళ్ళు."

"అది కారవాన్‌కి క్షేమం కాదే" అన్నాడు, ఏటా అనే మాటే.

"ఏం, తిమింగలాలు రోడ్డెక్కుతాయా?"

రైండర్ భూతద్దం తీశాడు. ఉన్నది ఒకటే దారి. ఒక్క బండి పట్టేంత వెడల్పు. ఎదురుగా ఇంకోటి వస్తే ఎవరో ఒకరు వెనక్కి, అక్కడక్కడా తప్పుకోవడానికి వదిలిన జాగా దాకా పోవాలి. అతను తల అడ్డంగా ఊపాడు. ఫెన్నా దెబ్బలాడి ఉంటే బాగుండేది. "సరేలే, నాకిలా రాసుంది" అని కప్పులు కడగడానికి వెళ్ళిపోయింది. ఆ వెనక్కి తిరిగిన వీపు చూసి రైండర్‌కి గుండె కలుక్కుమంది.

"వెళ్దాంలే" అన్నాడు.

ఆ తర్వాత అతనికి నిద్ర లేదు. ఆ నీటి ఒడ్డునున్న శిబిరానికి ఫోన్ చేసి పాల లారీ ఎప్పుడొస్తుందో, చెత్త లారీ ఎప్పుడొస్తుందో ఆరా తీశాడు. ఆదివారం మధ్యాహ్నం పిట్ట కూడా కదలదన్నారు. సరిగ్గా ఆదివారం మధ్యాహ్నానికే ఆ దారి మొదట్లోకి చేరేలా జర్మనీ, డెన్మార్కు, ఓడ అన్నీ లెక్క చూసుకుని బయల్దేరదీశాడు.

ఆఖరి మలుపు దాకా అంతా అనుకున్నట్టే జరిగింది. నీళ్ళు కనిపించే మలుపు తిరిగేసరికి ఎదురుగా బస్సు. చర్చి నుంచి ఇళ్ళకి పోతున్న ముసలమ్మలతో నిండుగా ఉంది. బస్సు వెనక ఇంకో రెండు కార్లు. డ్రైవరు మర్యాదగా నవ్వి, వెనక్కి పొమ్మని చెయ్యి ఊపాడు. తప్పుకునే జాగా వెనకే ఉంది, ఎంతో దూరం లేదు.

రైండర్ రివర్స్ గేరు వేశాడు. కారవాన్ తిన్నగా లోయ వైపు చూసింది. ముందుకి లాగి మళ్ళీ వేశాడు. ఈసారి బండరాయి వైపు చూసింది. ముసలమ్మలందరూ బస్సులో ఒక పక్కకే చేరి అద్దాలకి ముక్కులు ఆనించారు. రైండర్ చొక్కా తడిసిపోయింది.

"ఫెన్నా, నాకు... నాకు ఇది రాదు."

"తెలుసు. దిగు."

"తెలుసా?"

"మొదటేడే తెలుసు. శిబిరం చుట్టూ మూడుసార్లు తిప్పావు, బాతులు చూద్దామని. అక్కడ బాతుల్లేవు. ఊఁ, దిగవయ్యా, పాపం వాళ్ళకి ఆకలేస్తుంటుంది."

ఆవిడ సీటు ముందుకి జరుపుకుంది. స్టీరింగుని కిందినుంచి పట్టుకుని, అద్దంలో చూస్తూ, కుడికి కొంచెం, ఎడమకి కొంచెం. పెళ్ళికి ముందు ప్రతి శరదృతువులోనూ వాళ్ళ నాన్న చక్కెర దుంపల బండిని గిడ్డంగిలోకి వెనక్కి పెట్టింది ఆవిడే. కారవాన్ బుద్ధిగా వెళ్ళి జాగాలో కూర్చుంది. బస్సులో చప్పట్లు మోగాయి.

"మరి ఇన్నాళ్ళూ చెప్పవేం?"

"చెబితే మే నెలంతా నువ్వేం చేసేవాడివి? ఆ మ్యాపులు పరుచుకుంటే నీ మొహం ఎంత వెలిగిపోతుందో నీకేం తెలుసు."

రైండర్ కిటికీలోంచి చూశాడు. ఎర్ర కొట్టం, ఆకుపచ్చ నీళ్ళు, అన్నీ బొమ్మలో ఉన్నట్టే ఉన్నాయి. తన పరువు కోసం ఈవిడ ఇరవై జూన్లు ఈ చోటుని మరుగుదొడ్డిలో కూర్చుని చూసుకుంది.

శిబిరం గేటు దగ్గర ఆగీ ఆగగానే తమ దేశపు పసుపు నంబరు ప్లేటు చూసి నలుగురు డచ్చివాళ్ళు చెప్పులతో పరుగెత్తుకొచ్చారు. "కొక్కెం విప్పండి, నెట్టేద్దాం!" అన్నాడు ముందున్న పెద్దాయన. ఫెన్నా స్టీరింగు వదిలి, భర్త ఏం చెబితే అదే అన్నట్టు కూర్చుంది.

బ్రేకుల మాట రైండర్ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

"అక్కర్లేదండీ. నాకు రివర్స్ రాదు, ఎప్పుడూ రాలేదు. మా ఆవిడకి వచ్చు. కాస్త జరగండి, ఆవిడ పెడుతుంది" అన్నాడు, శిబిరమంతా వినబడేలా.

ఫెన్నా అతని వంక ఒక్క క్షణం చూసి, మళ్ళీ స్టీరింగు అందుకుంది. ఆ పెద్దాయన రైండర్ పక్కకి చేరి, చుట్టూ చూసి, చెవిలో గొణిగాడు.

"నాక్కూడా రాదు. మీ ఆవిడ నేర్పుతుందా?"

"ముందు నా వంతు" అన్నాడు రైండర్.