ఎవులాలియో పెట్టించిన ప్రశ్నగుర్తులు

రెండేళ్ళ తర్వాత జునిల్డా బెనేగస్ ఆ సహకార సంఘం ఆఫీసులో అడుగుపెడితే, తనను వెళ్ళగొట్టిన మేనేజరే ఎదురొచ్చి కుర్చీ వేశాడు. ఆ మర్యాద చూసి ఆమెకి ఒళ్ళు మండింది.

అప్పట్లో పాత ప్రోగ్రాములోంచి కొత్తదానిలోకి సభ్యుల పేర్లు పంపే పని ఆమెదే. పాతది అక్షరాలని ఒక రకం అంకెల్లో దాస్తుంది, కొత్తది ఇంకో రకంలో చదువుతుంది; ఏ రకమో చెప్పి పంపకపోతే వాళ్ళ పేర్లలో నెత్తిన గీతలున్న అక్షరాలన్నీ పాడైపోతాయని ఆమె నెత్తీనోరూ బాదుకుంది. మేనేజర్ ఎవులాలియో ఇన్స్‌ఫ్రాన్ వింటేగా! "అర్థంకాని చోటల్లా ప్రశ్నగుర్తు పెట్టేయమను, సోమవారానికి నడవాలంతే" అన్నాడు. రాసిమ్మంటే విసురుగా రాసి సంతకం గీకాడు. పాత మిషన్లు, వాటిలోని అసలు పేర్లతో సహా, తుక్కు కింద అమ్మేశాడు.

తీరా పేర్లు కలవక ఆస్పత్రివాళ్ళు సభ్యుల కార్డులు తిరగ్గొడుతుంటే, నిండు సభలో తప్పంతా ఆమె నెత్తిన రుద్దాడు. కాగితం చూపిస్తానంటే మైకు లాగేసుకున్నాడు. ఉద్యోగం ఊడేదాకా, ఆఫీసులో ఎండుటాకు మీద చల్లటి నీళ్ళు పోసుకుని అందరూ వంతులవారీగా తాగే తెరెరే కొమ్ముపాత్ర ఆమెను దాటి పక్కవాళ్ళకి పోయేది. అది మాత్రం ఆమె మరిచిపోలేదు.

"జునిల్డాగారూ, ఎలాగోలా ఆ అక్షరాలు వెనక్కి తెప్పించండి" అన్నాడు ఇప్పుడు.

"తప్పుగా చదివిందైతే తిప్పి చదివించేదాన్ని. మీరు చెరిపించేశారు. ఆ గుర్తుల కింద ఇంకేమీ లేదు. ఆ అక్షరాలిప్పుడు జనం నోళ్ళలోనే ఉన్నాయి. మీరే అడిగి రాసుకోవాలి."

"నేనా? గుమాస్తాలున్నారుగా!"

"మీరే. ప్రతి ఒక్కరికీ ముందు ఇది చదివి వినిపించి, తర్వాత పేరడగాలి. నన్ను పిలిపించిన సంఘం కమిటీ ఒప్పుకుంది. లేదంటే నేను పని ముట్టను."

ఆమె బల్లమీద పెట్టిన కాగితం మీద అతని సంతకం అలాగే ఉంది. వరండాలో సభ్యులు అప్పటికే బారులు తీరారు.

మొదటి ముసలావిడకి చదివి వినిపించేసరికి అతని చొక్కా తడిసిపోయింది.

"అయితే ఈ పిల్ల కాదన్నమాట! నువ్వేనట్రా నా మొగుడికి మందులందకుండా చేసింది?" అందావిడ. "రాసుకో. పెత్రోనా నూన్యెస్."

అతను రాశాడు. తర్వాత కొమ్ములో చల్లటి నీళ్ళు పోసి జునిల్డాకి అందించాడు. తాగింది చాలనుకున్నవాళ్ళు కృతజ్ఞతలు చెబుతారు. చెప్పేదాకా పోస్తూనే ఉండాలి, అదక్కడి పద్ధతి.

జునిల్డా తాగి, కొమ్ము తిరిగి ఇచ్చింది. కృతజ్ఞతలు చెప్పలేదు.

"ఇంకా ఆరువేల మంది ఉన్నారు" అంది. "పొయ్యండి."